సింగపూర్‌లో మా పిల్లల తిండి: హాకర్ సెంటర్ బల్లలు, ఇంటి పప్పుచారు

సింగపూర్‌లో ఇద్దరు పిల్లలతో కాపురం చేసే మా వంటి మధ్యతరగతి తెలుగు కుటుంబానికి నెల ఖర్చుల్లో ఇంటి అద్దె తరువాత ఎక్కువగా ఆలోచించవలసి వచ్చేది తిండి గురించే. ఏసీ రెస్టారెంట్‌లో నలుగురం కూర్చుని తింటే మెనూలో కనిపించే ధరకు 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద మళ్ళీ 9 శాతం జీఎస్టీ కలిసి, వంద డాలర్ల భోజనం కాస్తా దాదాపు నూట ఇరవై డాలర్లవుతుంది. మా బ్లాకు నుంచి నడిచి వెళ్ళగలిగే హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే కేంద్రంలో మాత్రం బోర్డు మీద రాసిన ధరే మనం ఇచ్చే ధర. చికెన్ రైస్ తిన్నా, నూడుల్స్ తిన్నా, మన పరోటాల వంటి ప్రాటాలు తిన్నా మనిషికి ఐదారు డాలర్లలో కడుపు నిండుతుంది. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు మేము అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది ఈ లెక్క చూసుకునే. ఇన్నేళ్ళ తరువాత ఆలోచిస్తే, మా పిల్లలు ఈ దేశాన్నీ, తెనాలిలోని అమ్మమ్మ తాతయ్యల ఇంటినీ ఏ ఇబ్బందీ లేకుండా తమవిగా అనుకోగలుగుతున్నారంటే, అందులో ఆ హాకర్ సెంటర్ బల్లలకూ ఇంట్లో వండుకునే పప్పుచారుకూ ఉన్నంత పాత్ర మేము నోటితో చెప్పిన మాటలకు లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

హాకర్ సెంటర్ అంటే ఏమిటో ఎరగని వారికి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు సింగపూర్ వీధుల్లో తోపుడు బండ్ల మీద, కావళ్ళలో, రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని వేలమంది తిండి అమ్ముకుని బతికేవారు. ప్రభుత్వం 1968, 1969 సంవత్సరాల్లో వారందరి వివరాలు నమోదు చేసి, 1971 నుంచి 1986 వరకు నీటి కుళాయిలు, మురుగు పారుదల, కరెంటు ఉన్న కేంద్రాలను కట్టి, వీధుల్లో ఉన్నవారిని అందులోకి తరలించింది. ఇప్పుడు దేశమంతటా అలాంటివి వందకు పైగా ఉన్నాయి. ఒకే కప్పు కింద చైనీయుల నూడుల్స్, మలయ్ వారి నాసి లెమాక్ (కొబ్బరిపాలతో వండిన అన్నం), తమిళుల దోశె, తమిళ ముస్లింల ప్రాటా పక్కపక్కనే దొరుకుతాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందే, 2016లో, చైనాటౌన్‌లోని ఒక హాకర్ సెంటర్‌లో సోయా సాస్ చికెన్ రైస్ అమ్మే చిన్న దుకాణానికి, మేలైన రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ ఒక నక్షత్రం ఇచ్చింది. అప్పటికి అక్కడ పళ్ళెం ధర రెండు మూడు డాలర్లే. ఈ సంగతి మా అమ్మాయికి చాలా ఇష్టమైనది. బడిలో ఎవరైనా ఖరీదైన రెస్టారెంట్ల గురించి గొప్పగా చెబితే చిన్నబుచ్చుకోకుండా ఉండడానికి ఆ వయసులో దానికి ఆ ఒక్క సంగతి సరిపోయింది.

బల్ల దగ్గర పిల్లలు నేర్చుకున్నవి ఎన్నో ఉన్నాయి. అక్కడ ఎవరి బల్ల వారిది కాదు. ఖాళీ కుర్చీ కనిపిస్తే అడిగి కూర్చోవాలి, ముక్కూ మొహం తెలియని ముసలాయన ఎదురుగా కూర్చుని సూప్ తాగుతుంటే మన భోజనం మనం చేయాలి. బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న చోటని గ్రహించాలి. తిన్న తరువాత ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి. 2021 నుంచి అలా పెట్టకపోతే జరిమానా కూడా ఉంది. ముస్లింల హలాల్ దుకాణాల పళ్ళేలకు వేరే అర ఉంటుంది కాబట్టి, ఏ పళ్ళెం ఏ అరలోకి వెళ్ళాలో చూసి పెట్టడం మావాడికి ఐదేళ్ళ వయసులోనే వచ్చేసింది. ఇతరుల ఆచారాన్ని గౌరవించడమంటే ఏమిటో పసివాడికి మాటల్లో చెప్పడం కష్టం; పళ్ళెం సరైన అరలో పెట్టడం మాత్రం వాడికి వెంటనే అర్థమైంది.

ఇంకొక విషయంలో మేము మొదటి నుంచీ కచ్చితంగా ఉన్నాం. మా ఇంట్లో గొడ్డు మాంసం, పంది మాంసం తినము. హాకర్ సెంటర్‌లో పక్క దుకాణంలోనే పంది పేగుల సూప్ మరుగుతూ ఉంటుంది, ఆ పక్కన బీఫ్ నూడుల్స్ ఉంటాయి. పిల్లలకు మేము చెప్పింది ఒకటే: "మేము తినము" అనడం వరకు సరే, "ఛీ" అనడం మాత్రం కుదరదు. ఎదుటివారి కంచంలో ఉన్నది వాళ్ళ అమ్మ వండి పెట్టిన అన్నం లాంటిదే. అలా పెరిగిన పిల్లలు తమ డబ్బాలోని గోంగూర పప్పు గురించి తోటి పిల్లలు ఏమైనా అన్నప్పుడు సిగ్గుపడలేదు. మన ఇంట్లో పనికిరాని మాట ఇంకొకరి ఇంట్లోనూ పనికిరాదని ఎదురు చెప్పగలిగారు. ప్రవాసంలో పిల్లల్ని పెంచే తల్లిదండ్రులు మన సంస్కృతి పట్ల గర్వం నేర్పడానికి ఎంతో తాపత్రయపడతారు. ఆ గర్వం నిలబడాలంటే ముందు ఎదుటివారి తిండిని మర్యాదగా చూడడం నేర్పాలని నా అభిప్రాయం.

చేత్తో తినడం కూడా అలాగే కుదిరింది. కిండర్‌గార్టెన్‌లో చెంచాతో తినడం అలవాటై, ఇంట్లో కూడా చేత్తో అన్నం కలుపుకోనని మా అమ్మాయి కొంతకాలం మొండికేసింది. మేము బలవంతపెట్టలేదు. కొన్నాళ్ళకు ఒక మలయ్ దుకాణం దగ్గర ఒక కుటుంబమంతా చేతులు కడుక్కుని వచ్చి కుడిచేత్తో నాసి లెమాక్ కలుపుకుని తినడం చూసింది. ఆ పూట ఇంటికి వచ్చి ముద్దపప్పులో నెయ్యి వేసి చేత్తోనే కలుపుకుంది.

ఇక్కడి బళ్ళలో మాతృభాషగా తెలుగు చదువుకునే వీలు లేదు. తమిళం అధికార భాషల్లో ఒకటి. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ భాషలను కూడా పరీక్షలకు తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. అందుకని మా పిల్లలు బడిలో హిందీ చదువుతారు, తోటివారితో ఇంగ్లీషులో మాట్లాడతారు. తెలుగు ఇంట్లో మాత్రమే మిగిలింది, ఇంట్లో కూడా ఎక్కువగా వంటింట్లోనే మిగిలింది. పోపు, తాలింపు, వార్చడం, చిదపడం, ఎసరు, గరిటె జారుగా ఉండడం వంటివి వాళ్ళు పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. అందుకే నేను వారం మధ్యలో వంట ఎంత సాదాగా ఉన్నా సరే, పిల్లలు పక్కన ఉండగానే చేస్తాను.

సాదా వంటకు ఇక్కడ కొదువ లేదు, ఖర్చూ తక్కువే. బియ్యం, కందిపప్పు, చింతపండు, మినప్పప్పు లిటిల్ ఇండియా నుంచి నెలకొకసారి తెచ్చుకుంటాం. అక్కడి టెక్కా మార్కెట్‌లో దొండకాయలు, బీరకాయలు, ములక్కాడలు దొరుకుతాయి, అదృష్టం ఉన్న రోజున గోంగూర కూడా కనిపిస్తుంది. ప్రతి కూరకూ అంత దూరం పరుగెత్తనక్కర్లేదని తెలుసుకోవడానికి మాకు కొంతకాలం పట్టింది. మా ఇంటి కింద సూపర్ మార్కెట్‌లో బాయమ్ పేరుతో అమ్మేది మన తోటకూరే, కాంగ్‌కాంగ్ అనేది మన తూటికూరే. పొడుగు చిక్కుళ్ళు, కాకరకాయలు, ముల్లంగి, వంకాయలు ఏడాది పొడవునా ఉంటాయి. పనీర్ కన్నా చాలా చవకగా దొరికే గట్టి టోఫూని ఇక్కడివాళ్ళు తౌ క్వా అంటారు. దాన్ని ముక్కలు కోసి, నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లికారం పట్టిస్తే పిల్లలు ఇంకో కూర అడగరు. ఇకాన్ బిలిస్ పేరుతో అమ్మే ఎండు నెత్తళ్ళు అయితే మా అత్తగారి వంటను అచ్చంగా గుర్తుకు తెస్తాయి; పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి వేయించుకుంటే చారన్నంలోకి అంతకు మించినది లేదు. కరివేపాకు కొనవలసిన అవసరమే రాదు, మా అంతస్తులో చివరి ఇంటి చైనీయ ఆంటీ కారిడార్‌లో కుండీలో పెంచుతున్న చెట్టు నుంచి ఎప్పుడు అడిగినా రెండు రెమ్మలు కోసి ఇస్తుంది. ఆవిడకు మేము సంక్రాంతికి అరిసెలు ఇస్తాం, చైనీయుల కొత్త సంవత్సరానికి ఆవిడ మాకు కమలాపళ్ళు ఇస్తుంది.

ఈ రెండు లోకాలూ ఎంత దగ్గరివో మాకు బాగా తెలిసివచ్చింది మా అమ్మ కార్తీకమాసంలో వచ్చి ఉన్నప్పుడు. ఆ నెలంతా అమ్మ ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. బయట తిండి అసలే వద్దంది. మామూలు రోజుల్లో కూడా ఆమె శాకాహారే కాబట్టి ఇక్కడ బయట తినడం తేలిక కాదు: కూరగాయల నూడుల్స్ అని రాసినా నీళ్ళు నెత్తళ్ళతో కాచినవి కావచ్చు, సంబల్ అనే మిరపకాయల పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంటుంది. అయితే బౌద్ధ చైనీయులు నడిపే శాకాహార దుకాణాల్లో మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడని ఆచారం ఉంది. చాంద్రమాసంలో ఒకటో రోజున, పదిహేనో రోజున అక్కడ వరస చాలా పొడవుగా ఉంటుంది, ఆ రోజుల్లో చాలామంది బౌద్ధులు శాకాహారమే తీసుకుంటారు. ఈ సంగతి మా పిల్లలు ముందే ఎరుగుదురు. మా అమ్మాయి దుకాణంలోని ఆంటీని వివరంగా అడిగి, గుడ్డు లేదని కూడా రూఢి చేసుకుని, అమ్మమ్మకు సన్న బియ్యపు సేమ్యా, వేయించిన తౌ క్వా పళ్ళెంలో పెట్టి తెచ్చింది. పున్నమికి వీళ్ళు కూడా నియమం పాటిస్తారా అని అమ్మ ఎంతో ఆశ్చర్యపోయి, ఆ ఆంటీకి దండం పెట్టి మరీ తిన్నది. ఆ తరువాత మావాడు ఒక గిన్నెలో తౌ సువాన్ తెచ్చి ముందు పెట్టాడు. అది పొట్టు తీసిన పెసరపప్పును తియ్యటి పాకంలో చిక్కగా ఉడికించి, పైన కరకరలాడే పిండి ముక్కలు వేసి ఇచ్చే చైనీయుల పాయసం. కొబ్బరిపాలు పోసి ఉంటే మన పెసరపప్పు పాయసమే అయ్యేదని అమ్మ తీర్పు చెప్పింది, మర్నాడు ఇంట్లో అలాగే చేసి కరివేపాకు ఆంటీకి కూడా పంపింది.

సెలవుల్లో తెనాలి వెళ్ళినప్పుడు ఈ అలవాటు అటువైపు నుంచి పనికొచ్చింది. విదేశం నుంచి వచ్చిన పిల్లలకు బయటి తిండి పడదని బంధువులు భయపడతారు, పెద్ద హోటల్‌కు తీసుకెళ్దామంటారు. మావాళ్ళు మాత్రం పొద్దున్నే తాతయ్యతో కలిసి ఇడ్లీ బండి దగ్గర నిలబడి, కారప్పొడి, నెయ్యి వేయించుకుని, పళ్ళెం చేత్తో పట్టుకుని తినేస్తారు. మంచినీళ్ళ సీసా ఇంటి నుంచి తీసుకెళ్ళడం, ఆవిర్లు వచ్చే వేడి తిండే తినడం, జనం ఎక్కువగా ఉన్న బండి దగ్గరే ఆగడం మేము పెట్టుకున్న నియమాలు. సాయంత్రం కర్రీ పాయింట్ దగ్గర గుత్తివంకాయ, దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు పొట్లాలు కట్టించుకుని, ఇంట్లో అన్నం వండుకుని తినడం వాళ్ళకు కొత్తగా అనిపించలేదు. సింగపూర్‌లో అన్నం మీద అద్దాల వెనుక ఉన్న కూరల్లో రెండో మూడో చూపించి వేయించుకునే చవక భోజనం దుకాణం దాదాపు ప్రతి హాకర్ సెంటర్‌లో ఉంటుంది. రెండు చోట్లా వరసలో నిలబడేది పని ముగించుకుని ఇంటికి పోయే మనుషులే అన్న సంగతి మా అమ్మాయి తనంతట తానే గమనించి తాతయ్యకు చెప్పింది.

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో వారాంతపు విందులు పెరిగిపోయాయి. పదిహేను రకాలు వండి ఆ తల్లి సోఫాలో కూలబడడం, మరుసటి వారం ఇంకొకరు పదహారు రకాలు చేయవలసి రావడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. మా ఇంటికి వచ్చేవారికి ముందే చెబుతాం: పప్పు, ఒక వేపుడు, చారు, అప్పడాలు, ఆవకాయ, పెరుగు ఉంటాయని. ఎవరూ రావడం మానలేదు. వచ్చినవారు ఎక్కువసేపు కూర్చుంటున్నారు కూడా, వంటింట్లో చిక్కుకుపోకుండా నేనూ వాళ్ళతో కూర్చోగలుగుతున్నాను.

హాకర్ దుకాణాల గురించి ఒక దిగులు మాత్రం ఉంది. వాటిని నడిపేవారిలో చాలామంది అరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవారే. తెల్లవారుజామున వచ్చి పిండి కలిపి, పులుసు కాచి, పగలంతా పొయ్యి వేడికి నిలబడే పని చేయడానికి వాళ్ళ పిల్లలు ముందుకు రావడం లేదు. మావాడు పసివాడిగా ఉన్నప్పటి నుంచీ ప్రాటా పెట్టిన ఒక అంకుల్ మోకాళ్ళ నొప్పితో దుకాణం మూసేశాడు. ఆ చోట కొన్ని నెలలు తలుపు దించే ఉంది. అందుకే ధర యాభై సెంట్లు పెరిగిందని సణిగేవారిని చూస్తే నాకు నచ్చదు. మనకు చవకగా దొరికే ప్రతి పళ్ళెం వెనుక ఎవరి నడుమో నొప్పెడుతోందని పిల్లలకు చెబుతాం, ధర పెరిగినా మాట్లాడకుండా ఇచ్చి రమ్మంటాం.

ఇప్పుడు మా అమ్మాయి సెకండరీ స్కూల్‌కు వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు నలుగురి భోజనం బాధ్యత దానిదీ తమ్ముడిదీ. చేతికి పాతిక డాలర్లు ఇస్తాం. ఏం తేవాలో, ఎక్కడ తేవాలో, ఎంత మిగల్చాలో వాళ్ళే తేల్చుకుంటారు. వాళ్ళ నాన్నకు చేపల నూడుల్స్, నాకు శాకాహార సేమ్యా, తమకు చికెన్ రైస్ తెచ్చి, మిగిలిన డబ్బుతో రెండు గిన్నెల తౌ సువాన్ కొంటారు. డబ్బు తక్కువ పడిన వారం నూడుల్స్ ఒక పళ్ళెం తగ్గించి, ఇంట్లో అన్నం పెట్టమని ముందే ఫోన్ చేస్తారు. పొద్దుటి చారు, పెరుగు ఎలాగూ ఉంటాయి.