ధవళేశ్వరం వెళ్ళే ముందు పెరట్లో ఓ చిన్న ఆనకట్ట

విదేశాల నుంచి సెలవులకొచ్చిన పిల్లల్ని రాజమండ్రి నుంచి ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి (గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ఉన్నది) తీసుకెళ్ళడం పెద్ద పనేం కాదు, ఆటోలో అయిపోతుంది. పాత ఫొటోలు, ఆనకట్ట కట్టిననాటి పనిముట్లు చూసి పావుగంటకే "ఇంక వెళ్దామా?" అంటే మాత్రం తప్పు వాళ్ళది కాదు. ఆనకట్ట ఏం చేస్తుందో తెలియనివాళ్ళకి అదంతా పాత ఇనప సామానే.

అందుకని రెండు రోజుల ముందే అమ్మమ్మగారింటి పెరట్లో ఒక పని చేయించండి. అంచులున్న వెడల్పాటి ట్రేలో తడి ఇసుక రెండంగుళాల మందాన పరిచి, ఒక కొస కింద పుస్తకం పెట్టి వాలు చేయాలి. మధ్యలో అంగుళంన్నర లోతున ఏరు, దాని గట్టు నుంచి పక్కకి అరంగుళం లోతున కాలువ తీయాలి. పైనుంచి చెంబుతో సన్నగా పోస్తే నీళ్ళన్నీ ఏట్లోంచే పోతాయి, కాలువలోకి చుక్క రాదు. ఇప్పుడు కాలువ మొదలుకి కాస్త దిగువన, ఏటికి అడ్డంగా ప్లాస్టిక్ మూత ముక్క గుచ్చండి. దాని పై అంచు గట్టు కంటే పావంగుళం కిందికి ఉండాలి. మట్టం లేచి నీళ్ళు కాలువలోకి మళ్ళుతాయి, మిగిలినవి మూత మీంచి పొర్లుతాయి. ఆనకట్ట నీళ్ళు దాచిపెట్టేది కాదు, ఎత్తి ఇచ్చేది అని చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఇసుక పొడిగా ఉంటే నీళ్ళు ఇంకిపోతాయి. కాలువ మరీ లోతైతే అడ్డు లేకుండానే పారిపోతుంది. ముక్క సరిగ్గా దిగకపోతే కింద ఇసుక కోసుకుపోయి పడిపోతుంది. పడనివ్వండి. గోదావరి అడుగూ ఇసుకే; కట్టినవాళ్ళకి అసలు తలనొప్పి అక్కడే.

ఇక ధవళేశ్వరంలో ఇప్పుడున్న బ్యారేజీ మీద, నాలుగు భాగాల్లో ఉన్న గేట్లు కూడనివ్వండి: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. ఈ బ్యారేజీ తర్వాత కట్టింది. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దానికి ధవళేశ్వరం కొండ రాయి మోయడానికి పట్టాలు వేశారు. బొంబాయి–థానే ప్రయాణికుల రైలు మొదలైంది 1853లో. రైళ్ళ పిచ్చి ఉన్న పిల్లలకి ఇదొక్కటి చాలు.

కాటన్ విగ్రహం చూసి "తెల్లదొర విగ్రహానికి తాతయ్య దండం పెడతారేంటి?" అని అడిగి తీరతారు, అక్కడి బడుల్లో వలసపాలన గురించి చదివొస్తారు కదా. దాటేయొద్దు. పక్కనే గోదావరి పారుతున్నా 1833 నాటి కరువులో జనం ఆకలితో పోయారు. ఆనకట్టకి ఈస్టిండియా కంపెనీ డబ్బిచ్చింది శిస్తు పెరుగుతుందని. చేలకి నీళ్ళొచ్చిన మాటా నిజమే. రాళ్ళు మోసింది మనవాళ్ళు. కాటన్ పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్న పేరు కూడా అప్పుడే చెప్పండి. మాటల సంగతీ సరదాగా ఉంటుంది: ఇంగ్లీషులో "ఆనికట్" తమిళ "అణైక్కట్టు" నుంచి పోయింది, వాళ్ళ "లాక్" మన కాలువల మీద "లాకులు" అయి కూర్చుంది.

వరద లెక్క క్యూసెక్కుల్లో చెప్తారు. క్యూసెక్కంటే సెకనుకి ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, అప్పుడు మట్టం 11.75 అడుగులు. ఆ 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి పదకొండు ఒలింపిక్ ఈతకొలనులు. ఈతకి వెళ్ళే పిల్లలకి ఈ లెక్క ఇట్టే ఎక్కుతుంది.

ఎప్పుడెళ్ళాలంటే, జులై–ఆగస్టుల్లో ఎర్రనీరు, ఎత్తిన గేట్లు కనిపిస్తాయి. కానీ వరద ఎక్కువైతే గట్టు దగ్గరికి పోనివ్వరు, పోకూడదు కూడా. డిసెంబరులో గేట్లు దించి ఉంటాయి, చేలల్లో దాళ్వా (రెండో పంట) పనులు. చిన్నపిల్లలుంటే డిసెంబరే మేలు. మ్యూజియం ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ఊళ్ళో ముందే కనుక్కోండి.

వివరం చెప్పే పని తాతయ్యకి వదిలేయండి. ప్రతి వాక్యానికీ మీరు ఇంగ్లీషు అందిస్తే పిల్లలు ఆ ఇంగ్లీషు కోసమే ఎదురుచూస్తారు. ముందే ఏటిగట్టు, లంక, పాయ, తూము, లాకులు, బోదె (చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ) అనే ఆరు మాటలు నేర్పితే సగం అందుతుంది. తాతయ్యని పిల్లలే రెండు ప్రశ్నలడగాలి: "86 వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?", "మన చేను ఏ కాలువ కింద?"

రెండోదానికి జవాబు రాగానే ఆ సాయంత్రమే చేనికెళ్ళండి. మే నెలైతే మాత్రం కాలువలు కట్టేసి ఉంటాయి, బోదెలో పగిలిన మట్టే కనిపిస్తుంది.