మూడ్ బాగాలేని రోజు ఏ సబ్జెక్టు తీయాలి?

మిత్రులారా, పోటీ పరీక్షల ప్రిపరేషన్ తొలి ఏడాదిలో నేను చేసిన పెద్ద పొరపాటు, మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రోజునే, నన్ను నేను శిక్షించుకుంటున్నట్టుగా, నాకు బొత్తిగా కొరుకుడుపడని డేటా ఇంటర్‌ప్రిటేషన్ (పట్టికలు, గ్రాఫులు చూసి చేసే లెక్కలు) ముందేసుకుని కూర్చోవడం. ఒకే పట్టికను నాలుగుసార్లు చదివినా అడిగింది శాతమో నిష్పత్తో బుర్రకెక్కేది కాదు. పెన్ను మూత కొరుకుతూ గంట గడిపాక చూసుకుంటే రెండు లెక్కలు, అందులో ఒకటి తప్పు.

రెండో ఏడాది రఫ్ నోట్‌బుక్ చివరి పేజీల్లో, చదవడానికి కూర్చునే ముందు నా మూడ్‌కు పదికి ఎన్ని మార్కులో వేసుకుని, ఆ తర్వాత ఏం చేశానో రాయడం మొదలుపెట్టాను. గది ఊడ్చడం, కాగితాలు సర్దడం వంటి విసుగు పనులన్నీ ఏడు దాటిన రోజుల్లోనే జరిగాయి. నాలుగుకు తగ్గిన రోజుల్లో నడకో, కబుర్లో, ఫోనో. వీటిలో ఫోన్ పట్టుకున్నాక మాత్రం ఒక మార్కు ఇంకా తగ్గేదే తప్ప పెరిగేది కాదు.

ఇది నా ఒక్కడి తీరే అనుకున్నాను. 2016లో పీఎన్‌ఏఎస్ అనే అమెరికా సైన్స్ పత్రికలో మాక్సిమ్ తాకే అనే పరిశోధకుడి బృందం ప్రచురించిన పరిశోధన చదివాక ఆ అభిప్రాయం మారింది. 28,000 మందికి పైగా వ్యక్తులను స్మార్ట్‌ఫోన్ యాప్ ద్వారా సగటున 27 రోజుల పాటు, మూడ్ ఎలా ఉంది, ఏం చేస్తున్నారు అని అడుగుతూ పోతే, దిగులుగా ఉన్నవారు ఆటల వంటి ఉల్లాసాన్నిచ్చే పనుల వైపు, హుషారుగా ఉన్నవారు ఇంటిపని వంటి అవసరమైనవే గానీ విసుగు పుట్టించే పనుల వైపు మొగ్గినట్టు తేలింది. దీనికి వారు పెట్టిన పేరు హెడానిక్ ఫ్లెక్సిబిలిటీ. నేను సరిగ్గా దీనికి ఎదురీదుతున్నాను!

అప్పటి నుంచి డేటా ఇంటర్‌ప్రిటేషన్‌ను ఆరు దాటిన పూటలకు మార్చాను. మూడ్ మూడు, నాలుగు దగ్గర ఉంటే ముందు ఇరవై నిమిషాల నడక, తిరిగొచ్చాక ఇదివరకే వచ్చిన షార్ట్ నోట్స్ రివిజన్. చెడిన మూడ్‌ను బాగుచేసుకోవడానికి వ్యాయామం అన్నింటికన్నా బాగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ థేయర్ బృందం 1994లోనే తేల్చింది కాబట్టి నడకను సోమరితనంగా లెక్కపెట్టడం మానేశాను. అయితే ఈ పద్ధతిలో ఒక లొసుగు ఉంది: మూడ్ బాగాలేదనే సాకుతో కష్టమైన సబ్జెక్టును వారాల తరబడి తప్పించుకోవచ్చు. నేనూ పది రోజులు తప్పించుకున్నాను. అందుకే వరుసగా మూడు రోజులు ఆరు దాటకపోతే, నాలుగో రోజు నోట్‌బుక్‌లో ఎంత ఉన్నా సరే, నడక అయిన వెంటనే ఐదే ఐదు లెక్కలు చేసి లేస్తాను.