సామంతుణ్ణి నిలుపుకోవడమా, కలుపుకోవడమా: విజయనగరంతో నా అనుభవం

యూరోపా యూనివర్సాలిస్ 4 అనేది ఒక రాజ్యాన్ని ఎంచుకుని శతాబ్దాల పాటు నడిపే కంప్యూటర్ వ్యూహాల ఆట, అందులో కథ 1444 నవంబరు 11న మొదలవుతుంది. విజయనగరాన్ని ఎంచుకున్నవారికి రెండవ దేవరాయల చివరి రోజులు చేతికి వస్తాయి. ఉత్తరాన బహమనీ సుల్తానులు, ఈశాన్యాన కటకం రాజధానిగా కపిలేంద్ర గజపతి ఉంటారు. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నా చూపు మొదటి నుంచీ ఆ ఈశాన్యం మీదే ఉంది. అయితే గజపతులను ఓడించడం కన్నా, ఓడించిన తరువాత ఒరిస్సాను సామంత రాజ్యంగా ఉంచుకోవాలా, నేరుగా నా రాజ్యంలో కలిపేసుకోవాలా అని తేల్చుకోవడమే నాకు ఎక్కువ పని పెట్టింది. ఆ వ్యవహారం ఏ లెక్కల మీద నడిచిందో, చివరకు ఎలా గట్టెక్కిందో ఇక్కడ వివరంగా చెబుతాను.

ఈ ఆటలో గెలిచిన భూమి గెలిచినంత మాత్రాన మనది కాదు. ప్రతి ప్రావిన్సుకూ దాని సంపన్నతను చూపే డెవలప్‌మెంట్ అనే ఒక విలువ ఉంటుంది. దాన్ని నేరుగా స్వాధీనం చేసుకుంటే, కోర్ చేసుకోవడానికి, అంటే దాన్ని పూర్తిగా మన సొంత భూమిగా మార్చుకోవడానికి, ఒక్కో డెవలప్‌మెంటుకు మామూలుగా 10 అడ్మినిస్ట్రేటివ్ (పరిపాలన) పాయింట్లు ఖర్చవుతాయి. కోర్ అయ్యేంతవరకు ఆ భూమి ఓవర్ ఎక్స్‌టెన్షన్‌గా (మోయగలిగినదానికి మించిన భారంగా) లెక్కకెక్కుతుంది, అది 100 శాతం దాటితే రాజ్యమంతటా తిరుగుబాట్లు, అనర్థాలు మొదలవుతాయి. సామంత రాజ్యాన్ని దౌత్యంతో కలుపుకోవడానికైతే డెవలప్‌మెంటుకు 8 డిప్లొమాటిక్ పాయింట్లు చాలు, అవి కూడా ఒక్కసారిగా కాక నెలనెలా కొంచెం కొంచెంగా పోతాయి. పైగా సామంతుడు అప్పటికే కోర్ చేసుకున్న ప్రావిన్సులు మనకు కోర్లుగానే వస్తాయి.

100 డెవలప్‌మెంట్ ఉన్న ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే, నేరుగా మింగడానికి 1000 అడ్మినిస్ట్రేటివ్ పాయింట్లు కావాలి. రాజు సామర్థ్యం 3, సలహాదారు స్థాయి 2 అనుకుంటే, అందరికీ దక్కే 3 కలుపుకుని నెలకు వచ్చేది 8. అంటే పదేళ్లకు పైగా సంపాదన ఆ ఒక్క ప్రాంతానికే ధారపోయాలి. ఆ పదేళ్లూ టెక్నాలజీ పెరగదు, ఐడియాలు (రాజ్యానికి శాశ్వత లాభాలిచ్చే విధానాలు) తీసుకోవడం కుదరదు, స్టెబిలిటీ పడిపోతే లేపడానికి చేతిలో ఏమీ ఉండదు. అదే ప్రాంతం సామంతుడి ద్వారా వస్తే అయ్యేది 800 డిప్లొమాటిక్ పాయింట్లు, ఇన్‌ఫ్లుయెన్స్ ఐడియాలు పూర్తిచేసుకున్నవారికి అందులో నాలుగో వంతు తగ్గుతుంది. నౌకాబలం మీద పెద్దగా ఆశలు పెట్టుకోని విజయనగరానికి డిప్లొమాటిక్ పాయింట్ల కరువు అంతగా ఉండదు. కొరత వచ్చేది ఎప్పుడూ అడ్మినిస్ట్రేటివ్ పాయింట్ల దగ్గరే.

ఈ ఆట నాకు అలవాటు చేసిన మా బావకు మాత్రం ఈ లెక్క రుచించలేదు. సీతమ్మధారలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని తెరను చూస్తూ ఏదో ఒకటి అనకుండా ఉండడు. ఆ రోజు, "ఏటి, గెలిచిన దేశాన్ని మళ్లీ ఆడికే ఇచ్చీసి పదేళ్లు ఆడి మొహం చూస్తూ కూకుంటావేటి?" అని అడిగాడు. "మరి కోరింగ్‌కి పాయింట్లు నువ్విస్తావా బావా?" అన్నాను. ఆయన చెప్పినదాంట్లోనూ నిజం లేకపోలేదు. సామంతుణ్ణి చేసుకున్న తరువాత కనీసం పదేళ్లు గడిస్తే తప్ప కలుపుకోవడం మొదలుపెట్టడానికి వీలుండదు, అంతవరకు ఆ సామంతుడు మన నాలుగు దౌత్య సంబంధాలలో ఒకదాన్ని ఆక్రమించుకుని కూర్చుంటాడు. ఆ పరిమితిని దాటితే నెలనెలా డిప్లొమాటిక్ పాయింట్లు కోతపడతాయి.

ఒరిస్సా అంతటి రాజ్యాన్ని ఒక్క యుద్ధంతో సామంతం చేసుకోవడం సాధ్యపడదు, ఎందుకంటే ఆ సంధి ఖరీదు ఒక యుద్ధ విజయంతో అడగగలిగే గరిష్ఠమైన 100 శాతాన్ని దాటిపోతుంది. అందుకని మొదటి యుద్ధంలో దక్షిణపు ప్రావిన్సులు కొన్నింటిని తీసుకుని, సంధి గడువు తీరాక రెండో యుద్ధంలో మిగిలిన దేశాన్ని సామంతంగా ఒప్పించాను. యుద్ధాల సంగతి అంతకన్నా చెప్పుకోదగ్గది కాదు. బహమనీలు తమ గొడవల్లో తాము ఉన్న సమయం చూసుకున్నాను, అంతే.

అసలు పరీక్ష సంధి కుదిరిన మర్నాటి నుంచే మొదలైంది. సామంతుల పట్టికలో ఒరిస్సా పేరు ఎదురుగా లిబర్టీ డిజైర్ (స్వతంత్రం కావాలన్న కోరిక) 50 శాతానికి పైన, ఎర్ర అంకెలతో కనిపించింది. 50 చేరిన సామంతుడు మన యుద్ధాలకు మనస్ఫూర్తిగా రాడు, మన శత్రువుల మద్దతు వెతుక్కుంటాడు, అన్నిటికీ మించి అతణ్ణి కలుపుకోవడానికి వీలుండదు. ఆ అంకె మీద మౌస్ నిలిపితే కారణాలు ఒకదాని కింద ఒకటి తెరుచుకుంటాయి. మన మీద ఉన్న అభిప్రాయం, మన దౌత్య ప్రతిష్ఠ వంటివి చిన్న చిన్న అంకెలుగా ఉన్నాయి గాని, అన్నిటికన్నా పెద్ద అంకె బలాబలాల పోలికది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆట ఒక్కో సామంతుడి బలాన్ని విడిగా మనతో పోల్చదు, సామంతులందరి బలాన్నీ కూడి మనతో పోలుస్తుంది. దక్షిణాన నేను అప్పటికే పెట్టుకున్న చిన్న సామంతులు ఎవరికి వారు విధేయులే అయినా, వాళ్ల సైన్యాలన్నీ ఒరిస్సా ధీమాకు తోడవుతున్నాయన్న మాట.

ఈ బలాబలాల వరుస చూసినప్పుడల్లా నాకు మా జిల్లాలోని పద్మనాభం గుర్తుకు వస్తుంది. మా ఉత్తరాంధ్రలోని విజయనగరం జమీందారు విజయరామరాజును ఈస్టిండియా కంపెనీ నెలకు 1200 రూపాయల భరణం పుచ్చుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన కాదన్నాడు, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో ప్రాణం విడిచాడు. ఆ తరువాత కంపెనీ చేసిన పని మీద నాకు ఆసక్తి ఎక్కువ. జమీందారీ మొత్తాన్ని రద్దు చేయకుండా, ఆయన కింద ఉన్న కొండ జమీందారులను విడదీసి తన కిందకు తెచ్చుకుని, మిగిలినదాన్ని 6 లక్షల రూపాయల పేష్కస్ (కప్పం) మీద కుమారుడు నారాయణబాబుకు తిరిగి ఇచ్చింది. న్యాయాన్యాయాల మాట అలా ఉంచితే, ఆట భాషలో అది సామంతుణ్ణి తీసివేయకుండా అతని బలాన్ని మాత్రం కోసివేయడమే.

నేను కూడా ఇంచుమించు అదే దారి పట్టాను. ఒరిస్సాకు కొత్త భూమి ఇవ్వడం మానేశాను. బెంగాల్ వైపు గెలిచిన ప్రావిన్సులను దానికి కట్టబెడితే అభిప్రాయం పెరిగేదే గాని, దానితో పాటు బలమూ పెరిగేది. నా సైన్యాన్ని పరిమితి అంచు దాకా నింపాను, దౌత్య ప్రతిష్ఠ పెంచే సలహాదారును జీతం ఎక్కువైనా కొలువులో పెట్టుకున్నాను, ఒక రాయబారిని శాశ్వతంగా కటకంలోనే ఉంచాను. కలుపుకోవడానికి అభిప్రాయం 190 దాకా రావాలి కనుక ఆ రాయబారిని వెనక్కి పిలవాలన్న ఆశను పదేపదే అణచుకోవలసి వచ్చింది. రాజుల మధ్య పెళ్లి సంబంధం కుదిర్చాను. లిబర్టీ డిజైర్ తగ్గుతూ కొద్దిలో ఆగిపోయినప్పుడు ప్రెస్టీజ్ (రాజ్యం పరువు) ఖర్చుపెట్టి స్థానిక ప్రభువులను బుజ్జగించాను, ఒరిస్సా ప్రావిన్సు ఒకదాన్ని నా పాయింట్లతోనే అభివృద్ధి చేశాను. పరాయి పొలానికి ఎరువు వేసినట్టు అనిపించే ఈ చివరి పని నిజానికి రెండు విధాల లాభం, ఎందుకంటే అసంతృప్తి అప్పటికప్పుడే తగ్గుతుంది, ఆ అభివృద్ధి రేపు మనకే వస్తుంది. కాకపోతే కలుపుకునే ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది కాబట్టి మితంగా చేయాలి.

పదేళ్ల గడువు నిండేసరికి లిబర్టీ డిజైర్ 50కి బాగా దిగువన స్థిరపడింది. కలుపుకోవడం మొదలుపెట్టాను. దౌత్య ప్రతిష్ఠ ఎంత ఎక్కువగా ఉంటే ఆ పని అంత వేగంగా సాగుతుందన్నది నిజమే అయినా, వేగం పెరిగిన కొద్దీ నెలనెలా పాయింట్ల ఖర్చూ పెరుగుతుంది. అందుకు ముందుగానే కొంత నిల్వ పెట్టుకోవాలి, లేకపోతే డిప్లొమాటిక్ టెక్నాలజీ వెనకబడుతుంది. ఒరిస్సా నా రంగులోకి మారిన రోజునే మిగిలిన సామంతుల అభిప్రాయం ఒక్కసారిగా పడిపోయింది. తోటి సామంతుణ్ణి మింగినవాణ్ణి ఎవరు నమ్ముతారు? అందువల్ల ఒకరి వెంట ఒకరిని కలిపేయకుండా మధ్యలో విరామం ఇచ్చి, చిన్నవాళ్లను ఆ తరువాత తీరుబడిగా కలుపుకున్నాను.

బహమనీ సరిహద్దున ఉన్న సామంతుణ్ణి మాత్రం కలుపుకోలేదు, మార్చ్‌గా, అంటే సరిహద్దు కాపలా సామంతంగా మార్చాను. మార్చ్ మనకు కప్పం కట్టదు, ఆ హోదాలో ఉన్నంతకాలం కలుపుకోవడానికీ వీలుండదు. బదులుగా దాని సైన్యానికి, కోటలకు అదనపు బలం వస్తుంది, విధేయత కూడా నిలకడగా ఉంటుంది. అయితే మన రాజ్యంతో పోలిస్తే అది చిన్నదిగా ఉండాలి. సుల్తాను సైన్యం మొదట ఆ కోటలకే తగులుకుని నెలల తరబడి ఆగిపోతుంది, ఆలోగా నా సైన్యం తూర్పు నుంచి వచ్చి చేరుకుంటుంది.

మూడో దారి కూడా ఉందని మా బావే ఒకసారి గుర్తు చేశాడు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు గెలిచి సింహాచలం దాకా వచ్చాడు, అక్కడి ఆలయంలో ఆయన 1516 నాటి శాసనం ఉంది. అంతా అయ్యాక గజపతి కుమార్తెను పెళ్లాడి, కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భూమిని తిరిగి ఇచ్చేశాడు. అది కలుపుకోవడమూ కాదు, సామంతం చేసుకోవడమూ కాదు. ఉత్తరాన సుల్తానులు కాచుకుని ఉండగా అంత దూరాన కాపలా సైన్యాన్ని పోషించడం కన్నా గజపతితో వియ్యమే చవక అని ఆయన లెక్క వేసుకుని ఉంటాడని నా ఊహ. ఆటలో కాపలా భారం ఆ స్థాయిలో మీద పడదు కాబట్టి అలా తిరిగి ఇవ్వాలన్న ఆలోచన ఆటగాడికి ఎన్నడూ రాదు. ఈ ఆటలో నాకు లోటుగా తోచేది అదొక్కటే.

అడ్మినిస్ట్రేటివ్ టెక్నాలజీ 17వ స్థాయికి చేరాక లెక్క మళ్లీ మారుతుంది. కోరింగ్ ఖర్చూ, ఓవర్ ఎక్స్‌టెన్షన్ భారమూ తగ్గుతాయి, 23, 27 స్థాయిలలో ఇంకా తగ్గుతాయి. అక్కడి నుంచి నేను కొత్త సామంతులను తీసుకోవడం దాదాపుగా మానుకుని, గెలిచినదాన్ని గెలిచినట్టే కలుపుకుంటూ పోయాను. మా బావ మొదటి నుంచీ అన్నమాట అప్పటికి చెల్లింది. సరిహద్దు మార్చ్‌ను మాత్రం ఆయన ఎంత చెప్పినా ఇప్పటికీ ముట్టుకోలేదు.