గోపన్న చెరసాలలో నా పేరు

గోల్కొండ కోటకు నేను మొదటిసారి వెళ్ళింది 1996లో, పదో తరగతి చదువుతుండగా, బడి విహారయాత్రలో. మాది నేలకొండపల్లి, భక్త రామదాసుగా లోకమెరిగిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు తానీషా ఆయనను పన్నెండేళ్ళు ఇక్కడ బంధించాడని ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నవాళ్ళం. అందుకే కోట ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండ మీదికి వినబడుతుందో లేదో తేల్చుకున్నాక, అందరి కాళ్ళూ ఆ చెరసాల వైపే లాగాయి.

లోపల చీకటి. పైనుంచి పడే కాస్త వెలుతురులో, గోపన్నే చెక్కుకున్నాడని చెప్పే సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు గోడ మీద కనబడ్డాయి. వాటికి బారెడు దూరంలో, స్నేహితులు చూస్తుండగా, కంపాస్ ముల్లుతో గచ్చు మీద నా పేరు గీశాను. మూడే అక్షరాలు. తెల్లటి పొడి రాలి చేతి మీద పడింది.

అంతలో ఒక ముసలమ్మ లోపలికి వచ్చి, ఆ రూపాలకు దణ్ణం పెట్టుకొని, పక్కనే ఉన్న నన్ను "ఏ ఊరు నాయనా?" అని అడిగింది. నేలకొండపల్లి అన్నాను. "మా గోపన్న ఊరే!" అంటూ నా తల మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆమె చూపు నా చేతిలోని కంపాస్ మీదికీ, గోడ మీదికీ వెళ్ళింది. ఒక్క మాట అనలేదు. కొంగు చివరతో ఆ గీతల్లోని పొడిని, పసిబిడ్డ మూతి తుడిచినంత మెల్లగా తుడిచి వెళ్ళిపోయింది. నేను రుమాలు తడిపి గబగబా రుద్దాను. అక్షరాలు పోలేదు సరికదా, చుట్టూ గచ్చు మరింత లేచిపోయింది.

ఇప్పుడు నేను బడిపంతులును. పిల్లలను ఏ కోటకు, ఏ గుడికి తీసుకువెళ్ళినా ముందురోజు ఈ సంగతి దాచకుండా చెబుతాను. సున్నం, ఇసుకలతో పాటు బెల్లం, మారేడు గుజ్జు వంటివి కూడా కలిపి పాతకాలపు మేస్త్రీలు గచ్చు చేసేవారనీ, ఒక్క గీత పడితే అందులోకి నీరు దిగి చుట్టుపక్కలంతా ఊడివస్తుందనీ వివరిస్తాను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద ఇది రెండేళ్ళ జైలుకూ, లక్ష రూపాయల జరిమానాకూ దారితీయగల నేరమన్నది కూడా చెబుతాను గానీ, పిల్లలు నిశ్శబ్దమయ్యేది మాత్రం ఆ కొంగు దగ్గరే.

2023లో మా అమ్మాయితో కలిసి మళ్ళీ వెళ్ళాను. చెరసాలలో ఫోను వెలుగుతో గోడంతా వెతికాను. ఎన్నెన్నో పేర్ల నడుమ, నేను రుద్దిన చోటు అరచేతి వెడల్పున పాలిపోయి కనబడింది. నా అక్షరాల మీద ఇంకెవరిదో పేరు ఉంది. ఏం వెతుకుతున్నారని అమ్మాయి అడిగితే, అంతా చెప్పాను.

"ఆ అవ్వ మిమ్మల్ని ఏమీ అనలేదా నాన్నా?"

"అనలేదమ్మా."

వెనక ఎవరో వస్తుంటే దారిచ్చి, ఇద్దరం బయటికి నడిచాం.