గోడ మీద తలకిందులుగా కనిపించిన చెట్టు

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా భౌతికశాస్త్రం మాస్టారు ఒక రోజు ప్రయోగశాల కిటికీలన్నింటికీ నల్ల కాగితాలు అంటించి, ఒక కాగితానికి మాత్రం పెన్సిలు దూరేంత రంధ్రం చేసి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టి తలుపు మూశారు. ఆ రోజు నా సహాధ్యాయుల్లో ఎందరికి గుర్తుందో తెలియదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, ఆవరణలోని చెట్టు ఎదుటి గోడ మీద రంగులతో సహా తలకిందులుగా కనిపించింది. గాలికి దాని ఆకులు కదులుతున్నాయి. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ బొమ్మ స్పష్టమవుతుందనీ, అయితే వెలుతురు తగ్గిపోతుందనీ మాస్టారు కాగితాలు మార్చి చూపించారు. ఇరవై ఆరేళ్లుగా ప్రకృతి దృశ్యాల ఫోటోలు తీస్తూ బతుకుతున్న నేను ఇప్పటికీ నల్ల గుడ్డ కప్పుకొని పెద్ద కెమెరా వెనుక గాజు తెరను చూస్తే, అందులో కొండలు తలకిందులుగానే ఉంటాయి. ఆ క్షణంలో ప్రతిసారీ మాస్టారు గుర్తుకు వస్తారు.

మన బడి పత్రిక ఈ సంచిక కోసం నా వృత్తి గురించి రాయమని అడిగారు. ఫైన్ ఆర్ట్ ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రఫీలో, అంటే ప్రకృతి దృశ్యాలను కళగా ఫోటో తీసే ఈ పనిలో, ఫలానా చిత్రం తీసి ఇవ్వమని ముందుగా అడిగేవారు సాధారణంగా ఉండరు. పత్రికకు వార్తాచిత్రం కావాలి, వ్యాపారికి ప్రకటన కావాలి. ఈ చిత్రం కోసం మాత్రం ఎవరూ ఎదురు చూడరు. కొండనో సముద్రాన్నో నేను చూసిన తీరును కాగితం మీద పూర్తి చేసి, సంతకం పెట్టి, గోడకు తగిలించి, నచ్చినవారి కోసం వేచి ఉండాలి. అందువల్ల కొండ ఎక్కడం కంటే, అక్కడినుంచి తెచ్చినదాన్ని ప్రింటుగా తీర్చడమే ఈ వృత్తిలో పెద్ద పని అని నేను గట్టిగా నమ్ముతాను.

బయటి పని సులువని నా ఉద్దేశం కాదు. ఒకే లోయకు ఏడేళ్లలో పదకొండు సార్లు వెళ్లాను. సూర్యుడు ఏ నెలలో ఏ శిఖరం పక్కనుంచి పైకి వస్తాడో, పొగమంచు ఏ వేళకు విడుతుందో దిక్సూచితో, గడియారంతో చూసి రాసుకోవడానికే పది ప్రయాణాలు సరిపోయాయి. పదకొండోసారి, వెలుగు ముందు గుట్టను విడిచి వెనుక గుట్ట మీద మాత్రమే నిలిచిన రెండు నిమిషాల్లో నాలుగు షీట్ల ఫిల్ము (ఒక్కో షీటుకు ఒక్క ఫోటో) వాడితే, ఒక్కటి నిలిచింది. 1866లో ఆంగ్ల ఫోటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లో 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమలో చిత్రాలు తీశారు. ఆ కాలపు పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే అక్కడే డెవలప్ చేయాలి. ఆ సంగతి చదివాక నా వీపు మీది సంచి బరువు గురించి మాట్లాడడం మానేశాను.

ప్రింటు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ చిత్రం ఒకటి చాలు. 1941 నవంబరు 1 సాయంత్రం అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే ఊరి దగ్గర, శ్మశానంలోని తెల్లని శిలువల మీద చివరి ఎండ, పైన చంద్రుడు కనిపించగానే ఆయన కారు ఆపి కెమెరా దించారు. వెలుగును కొలిచే లైట్ మీటరు ఎంత వెతికినా దొరకలేదు. చంద్రుడి కాంతి చదరపు అడుగుకు 250 కాండిల్స్ (కాంతికి కొలమానం) అని గుర్తుండడంతో మనసులోనే లెక్క కట్టి ఒక షీటు తీశారు. రెండోది తీసేలోగా శిలువల మీది ఎండ పోయింది. ఈ కథ చాలామంది చెబుతారు కానీ, నన్ను పట్టుకున్నది ఆ తర్వాత జరిగినది. తొలి ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బు చారలతో ఉంటుంది. 1948లో ఆయన నెగటివ్‌లోని (డెవలప్ చేసిన ఆ ఫిల్ములోని) నేల భాగాన్ని రసాయనంతో గాఢం చేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా వేస్తూ వచ్చారు. మూడు దశాబ్దాలకు పైగా ఆ ఒక్క నెగటివ్‌తో ఆయన పని ముగియలేదు. యౌవనంలో పియానో సాధన చేసిన మనిషి కనుక, నెగటివ్‌ను స్వరలిపితోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవారు.

ఫోటో ప్రింట్లు వేసే ఒక పెద్దాయన దగ్గర నాలుగేళ్లు సహాయకుడిగా ఉండి నేను ఆ పని నేర్చుకున్నాను. నెగటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్లార్జర్ వెలుగు పడుతుండగా, అట్టముక్కను కదిలిస్తూ ఒకచోట వెలుగును ఆపి ఆ చోటును లేతగా ఉంచడం డాడ్జింగ్. రంధ్రం చేసిన అట్ట గుండా మరోచోట అదనంగా వెలుగు పంపి దాన్ని నల్లబరచడం బర్నింగ్. తడి ప్రింటులో కనిపించే తెలుపు ఆరాక కాస్త మసకబారుతుంది కనుక, ఎంత మసకబారుతుందో ముందే ఊహించి ప్రింటు వేయాలి. ఆ అంచనా చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు నెగటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటరు మీద సరిదిద్దుతున్నా, పగటి వెలుతురులో పరీక్ష ప్రింట్లు పరచుకొని చూడనిదే నిర్ణయం తీసుకోను. ఒక్కో చిత్రానికి మూడు వారాలు పడుతుంది.

సంపాదన సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి తొమ్మిదేళ్లు యంత్రాల ఫోటోలు తీసి ఖర్చులు గడుపుకున్నాను. తర్వాత ప్రతి చిత్రానికీ 15 ప్రతులే వేసి, సంఖ్య రాసి, సంతకం పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. పదహారో ప్రతి వేయననే మాట మీదనే వాటి ధర నిలుస్తుంది. తొలిరోజుల్లో డై ఇంకులతో వేసిన ఆరు ప్రింట్లు, ఎండ పడే గోడల మీద మూడేళ్లకే వెలిసిపోయాయి. కొన్నవారి ముందు తలెత్తలేకపోయాను. ఆరింటినీ వెనక్కి తీసుకొని, వెలుగును తట్టుకునే పిగ్మెంట్ ఇంకులతో, ఆమ్లం లేని కాగితం మీద, అవే సంఖ్యలతో మళ్లీ వేసి ఇచ్చి, పాతవాటిని చించివేశాను.

పదకొండోసారి దక్కిన ఆ లోయ చిత్రం నాలుగో ప్రతిని మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు పంపుతున్నాను. ఆనాడు చెట్టు కనిపించిన గోడ మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. కనుక అక్కడ కాకుండా, మాస్టారి బల్ల వెనుక నీడ గోడకు తగిలించమని కోరుతున్నాను.