క్వాయ్ వంతెన దగ్గర మనవాళ్లు

1974లో మద్రాసు మౌంట్ రోడ్డు పక్కన కేసినో థియేటర్లో ఉదయం ఆటకు ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ చూసి, పెరంబూరు దాకా ఈల వేసుకుంటూ వచ్చాను. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్లకు చిక్కిన బ్రిటిష్ బందీల చేత రైలు వంతెన కట్టించే కథ అది. రైల్వే కోచ్ ఫ్యాక్టరీలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. చెప్పులకూ బూట్లకూ మధ్యరకంగా మిగిలినవేవో తొడుక్కుని, వరస తప్పకుండా నడిచొచ్చే ఆ బందీలు, వాళ్ల ఈల! నెల రోజులు మా షాపులో నా నోట అదే. చివరికి తమిళుడైన మా చార్జ్‌మన్, ఈల ఆపితే గాని చేతికి స్పానర్ ఇవ్వనన్నాడు.

మొన్న ఆదివారం మా అమ్మాయి అదే సినిమా టీవీలో పెట్టి వెళ్లింది. ఈసారి ఈల రాలేదు.

తప్పు పుస్తకాలది. రిటైరయ్యాక మైలాపూరు లజ్ దగ్గర పాత పుస్తకాల కొట్టులో యుద్ధ చరిత్రలు ఏరుకోవడం అలవాటైంది. జనరళ్ల జీవిత చరిత్రలు నాకు త్వరగానే వెగటు పుట్టాయి. గెలిచిన ప్రతివాడూ తనవల్లే అంటాడు, ఓడినవాడు వాన వల్ల అంటాడు. ఆ సినిమాలోని వంతెన ఉన్న బర్మా రైలుమార్గం, అంటే యుద్ధకాలంలో జపాను సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు వేయించిన దారి, గురించిన పుస్తకాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. 415 కిలోమీటర్లు, కొండలూ అడవీ, ఏడాది పైచిలుకులో 1943 అక్టోబరుకల్లా పూర్తి. అదీ మీటరు గేజి. మన బీచ్-తాంబరం లోకల్ 2004 దాకా పరుగెత్తింది ఆ గేజి మీదే.

సినిమాలో జపాను ఇంజనీర్లకు వంతెన కట్టడం చేతకాదు, బ్రిటిష్ కల్నల్ నేర్పాలి. రైల్వేలో బతికినవాణ్ని, ఇది నాకు మింగుడుపడలేదు. అసలు వంతెనకు ఇనుప స్పాన్లను జావా నుంచి విప్పి తెచ్చి బిగించింది ఆ ఇంజనీర్లే. అక్కడి బందీల్లో పెద్ద అయిన బ్రిటిష్ అధికారి కల్నల్ టూసీ అయితే పని నెమ్మది చేయించే దారులు వెతికాడు. కలపకు చెదపురుగులను పట్టించాడట! సినిమాలో కల్నల్ తన వంతెన మీద చేయి వేసి మురిసిపోతాడు.

ఇంతవరకూ సినిమావాళ్ల స్వేచ్ఛ అనుకుని వదిలేయవచ్చు. వదలలేనిది వేరే ఉంది. ఆ దారిలో పనిచేసిన బందీలు 60 వేలకు పైగా, చనిపోయింది 12 వేల పైచిలుకు. కూలీలుగా పట్టుకొచ్చిన ఆసియా జనం మాత్రం లక్షా ఎనభై వేలకు తక్కువ కాదంటారు: బర్మావాళ్లు, జావావాళ్లు, మలయా రబ్బరు తోటల్లోని తమిళులు, తెలుగువాళ్లు. వాళ్లలో పోయినవారు 90 వేల దాకా ఉండవచ్చని అంచనా. బందీల్లో డాక్టర్లుండేవారు, దొంగచాటుగా డైరీలు రాసినవాళ్లుండేవారు. కలరా వచ్చినప్పుడు కూలీల పాకలో ఎవరున్నారు? మద్రాసు నందంబాక్కంలోని యుద్ధ శ్మశానం చూసినవాళ్లకు తెలుసు, రాయి రాయికీ పేరు, దళం. థాయ్‌లాండ్‌లో ఆ వంతెన ఉన్న ఊరు కాంచనబురిలో అలాంటి రాళ్లు ఏడు వేలకు కాస్త తక్కువ. వాటిలో కూలీల రాళ్లు లేవు.

మా నాయనమ్మది టెక్కలి దగ్గర పల్లె. ఆమె అన్న రబ్బరు తోటలకని మలయా ఓడెక్కాడు. “యుద్ధం వచ్చాక ఉత్తరం రాలేదురా” అనేది, అంతే. ఆయన ఈ రైలు పనికే వెళ్లాడని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అయినా మొన్న సినిమాను ఆపి ఆపి చూశాను. మోకులు లాగేవాళ్లు, దుంగలు మోసేవాళ్లు, అందరూ తెల్లవాళ్లే. అడవిలో కమాండోల మూటలు మోసే అమ్మాయిలు కనిపించారు, వాళ్లూ కథకు అందం కోసమే.

“ఏం వెతుకుతున్నారండీ?” అంది మా ఆవిడ, నాలుగోసారి ఆపినప్పుడు.

“మనవాళ్లను.”

“బర్మాలో మనవాళ్లెందుకుంటారు? త్వరగా ఆ వంతెన పేల్చేయించండి, పొయ్యి మీద పప్పుంది.”

పేలింది. రైలుతో సహా నదిలో పడింది. బాంబులు పడ్డా అసలు వంతెనను బాగుచేసుకున్నారని, దాని మీద ఇప్పటికీ రైళ్లు నడుస్తున్నాయని చెప్పబోయేసరికి ఆవిడ వంటింట్లో ఉంది.