నిండు ట్యాంకుతో 8 నిమిషాలు: జెట్ బోటు ఇంజన్‌తో నా అనుభవం

మూడు నెలలుగా నాకు కంటి నిండా నిద్ర లేకుండా చేసిన జెట్ బోటు నిన్న సాయంత్రం నిండు ట్యాంకుతో 50 నిమిషాల పాటు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. ఒడ్డుకు చేర్చి తాడు కట్టిన తరువాత నేను చాలాసేపు గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. పాత బోటు కొని, హైదరాబాదులో దాన్ని బాగుచేసేవాళ్ల కోసం తిరుగుతున్నవాళ్లకు పనికివస్తుందని జరిగినదంతా రాస్తున్నాను.

మా మరిదికి దేవరకొండ దాటిన తరువాత, వైజాగ్ కాలనీకి దగ్గరలో, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున చిన్న విడిది ఉంది. దానికి వచ్చే అతిథుల కోసం ఒక బోటు కొందామని మావారు, నేను, మరిది కలిసి అనుకున్నాము. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అక్కడి నుంచి నీరు దిగేకొద్దీ వెనుక జలాల్లో రాళ్లు, పాత చెట్ల మొదళ్లు పైకి తేలుతాయి కనుక, అడుగున రెక్కలు తిరిగే మామూలు మోటారు బోటు అక్కడ నిలవదని నేనే పట్టుబట్టాను. జెట్ బోటుకు కింద పొడుచుకువచ్చే భాగమేదీ ఉండదు. అడుగునున్న జల్లెడ గుండా నీటిని లోపలికి లాగి, వెనుకనున్న నాజిల్ నుంచి వేగంగా బయటకు చిమ్మి, ఆ తోపుతోనే ముందుకు పోతుంది. 1950లలో న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ ఈ పద్ధతిని తీర్చిదిద్దింది కూడా లోతులేని నదుల కోసమే. కనుక ఎంపికలో పొరపాటు లేదని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను.

కొనడం, ట్రైలర్ మీద నాచారంలోని మా షెడ్డుకు తెప్పించడం, ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 కింద కాగితాలు మార్పించుకోవడం ఓపికతో తేలిన పనులే. బోటు పాత యజమాని షెడ్డులో చాలా నెలలు కదలకుండా ఉన్నదన్న సంగతి అప్పుడు మాకు పెద్ద విషయంగా తోచలేదు. నాలుగు సిలిండర్ల, 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్ అది. కొత్త బ్యాటరీ వేసి, మీటరు పెట్టి 12.6 వోల్టులు ఉన్నాయని చూసుకొని, ఇంజన్ గదిలోని పెట్రోలు ఆవిరి పోవడానికి నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పి, ప్రమాదమైతే ఇంజన్‌ను ఆపే తాడు బిళ్లను దాని చోట పెట్టి మీట నొక్కితే మొదటిసారికే అందుకున్నది.

నీళ్లలో దింపిన మొదటి రోజు పది నిమిషాల పాటు అద్భుతంగా పరుగెత్తింది. ఆ తరువాత ఇంజన్ గొంతు సన్నబడి, రెండుసార్లు వెనక్కు లాగినట్లయి ఆగిపోయింది. పావుగంట కూర్చుంటే మళ్లీ అందుకున్నది. ఒడ్డుకు తెచ్చి మూత తీసి పెట్రోలు ఎంత ఉన్నదో చూశాము; చాలా ఉంది. మళ్లీ నడిపితే మళ్లీ బాగానే నడిచింది. కారణం మా కళ్ల ముందే ఆ మూత దగ్గర ఉన్నదని ఆ రోజు మాకు తట్టలేదు.

నగరంలో నీటి బండ్లు బాగుచేస్తామని బోర్డు పెట్టిన ఒక వర్క్‌షాపుకు ట్రైలర్ మీద తీసుకుపోయాము. అక్కడి కుర్రవాడు ఇంజన్‌కు గొట్టం తగిలించి, ఇంకా స్టార్టు చేయకముందే కొళాయి తిప్పబోతుంటే నేను చెయ్యి పట్టి ఆపాను. ఇటువంటి ఇంజన్‌కు నేల మీద నీళ్లు పెట్టేటప్పుడు ముందు ఇంజన్ నడవాలి, ఆ తరువాతే కొళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కొళాయి కట్టి, ఆ తరువాత ఇంజన్ ఆపాలి. వరుస తప్పితే, నీటిని బయటకు నెట్టే పొగ లేక ఆ నీరు వెనక్కు తన్ని సిలిండర్లలోకి పోతుంది. మాన్యువల్‌ను మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివినదాన్ని నేనొక్కదాన్నే అని అప్పుడే అర్థమైంది. కానీ నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ యజమాని మావారి ముఖం చూస్తూ జవాబు చెప్పాడు. ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు మార్చి, నేల మీద రెండు నిమిషాలు నడిపి చూపించి, 14,000 రూపాయలు తీసుకొని పంపించాడు.

కార్తీక మాసంలో ఒక ఆదివారం మా అత్తవారి వైపు బంధువులంతా వనభోజనాలకు విడిదికి వచ్చారు. ఉసిరిచెట్టు కింద భోజనాలయ్యాక పిల్లలందరూ బోటు బోటు అని చుట్టుముట్టారు. ముందు రోజే ట్యాంకు నిండా పెట్రోలు పోయించి ఉంచాను. మా అత్తగారు, ఆవిడ అక్కగారు, నలుగురు పిల్లలు, మావారు ఎక్కారు, నడిపినది నేను. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించాను, అది నాకు ఇప్పటికీ ధైర్యాన్నిచ్చే మాట. సరిగ్గా ఎనిమిది నిమిషాలకు, ఒడ్డు కిలోమీటరు దూరాన ఉండగా, ఇంజన్ గొంతు సన్నబడి ఆగిపోయింది.

జెట్ బోటును తిప్పేది వెనుక నుంచి చిమ్మే నీరే కనుక, ఇంజన్ ఆగితే స్టీరింగ్ ఎటు తిప్పినా బోటు వినదు. గాలి మమ్మల్ని మెల్లగా రాళ్ల వైపు నెడుతుంటే మావారు లంగరు వేశారు. అది రెండుసార్లు జారి మూడోసారి పట్టింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. పెద్దత్తయ్యగారు పైకి ఏమీ అనకుండా కళ్లు మూసుకొని విష్ణు సహస్రనామం చదవసాగారు. ఆవిడ గొంతు వణకడం వింటూ నేను మీట నొక్కుతూనే ఉన్నాను.

వర్క్‌షాపు యజమానికి ఫోను చేశాను. ఎనిమిది నిమిషాలు పూర్తి వేగంతో నడిచి, ముందు గొంతు తగ్గి, తరువాత ఆగిందని వివరంగా చెబుతుండగా అతడు మధ్యలోనే అడ్డుకొని, "మేడం, అది ఇంజన్ కాదు, అడుగున గుర్రపు డెక్క చిక్కుకొని ఉంటుంది, మీకు అర్థం కాదు, ఫోను సారుకు ఇవ్వండి" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. ఆ మాట మా అత్తగారు విన్నారు, పిల్లలు విన్నారు. నేను ఫోను మావారికి ఇచ్చాను. ఆయన నేను చెప్పిన మాటలనే తిరిగి చెబితే, ఆ మనిషి ఓపికగా చివరి వరకు విని, "అలాగా సార్, అయితే పెట్రోలే సార్" అన్నాడు. ఆ నిమిషం నాకు కలిగిన అవమానం ఎంతటిదో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. గుర్రపు డెక్క చిక్కుకుంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పంపుకు నీరు అందక బోటు కదలదు, ఇంజన్ మాత్రం బరువు లేక ఇంకా గట్టిగా అరుస్తుంది. మా ఇంజన్ అరవలేదు, గొంతు తగ్గి ఆగింది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే మొత్తం విషయమని అతడికి చెప్పబోతుండగానే నా నోరు మూయించాడు.

చివరకు వైజాగ్ కాలనీ జాలరులు ఇద్దరు మోటారు తెప్పలో వచ్చి మా బోటుకు తాడు కట్టి ఒడ్డుకు లాక్కువచ్చారు. వాళ్ల పెద్దలు ఆనకట్ట కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. డబ్బు ఇవ్వబోతే పెద్దాయన తీసుకోలేదు.

సోమవారం ఇబ్రహీంపట్నం మీదుగా బోటు మళ్లీ అదే వర్క్‌షాపుకు పోయింది. వేరే చోటుకు పోదామని నేను అన్నా, డబ్బు ఇచ్చిన చోటే జవాబుదారీ ఉంటుందని మావారు అన్నారు. ఆ మాట విన్నందుకు నాకు ఇంకా బాధగానే ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, మా ఇంజన్ మాన్యువల్ 10 శాతం దాటవద్దంటుంది, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఇవన్నీ నిజమే. అందుకే ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలును గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచి చూశాను. అడుగున నీటి పొర ఏర్పడలేదు. ఆ సీసా తీసుకుపోయి చూపిస్తే యజమాని దానివైపు తల కూడా తిప్పలేదు. పెట్రోలంతా తోడించి, పెట్రోలు పంపు మార్చి, 38,000 రూపాయల బిల్లు చేతికిచ్చాడు. నేల మీద మళ్లీ రెండు నిమిషాలు నడిపి చూపించాడు.

నేల మీద రెండు నిమిషాలు నడిపితే తెలిసే జబ్బు కాదది. జెట్ బోటును నేల మీద ఎక్కువసేపు నడపకూడదు, షాఫ్టు దగ్గర నీటితో చల్లబడవలసిన సీలు కాలిపోతుంది. నీటి మీద పూర్తి వేగంతో గంటకు 40 లీటర్ల వరకు తాగే ఇంజన్, నేల మీద మందంగా తిరిగే రెండు నిమిషాల్లో చెప్పుకోదగినంత పెట్రోలే తీసుకోదు. బోటును నీళ్లలో దింపి, పక్కన కూర్చొని, అది ఆగేదాకా నడపని మెకానిక్‌కు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇది నా కోపం కొద్దీ చెబుతున్న మాటే, అయినా నిజం.

కొత్త పంపుతో మొదటి రోజు పన్నెండు నిమిషాలకు ఆగింది. అప్పుడు నేను రెండు వందల పుటల నోటు పుస్తకం ఒకటి కొన్నాను. ఎప్పుడు బయలుదేరాము, ట్యాంకులో ఎంత పెట్రోలు ఉంది, ఎంత వేగం, ఎన్ని నిమిషాలకు ఆగింది, ఎంతసేపటికి మళ్లీ అందుకున్నది, ఈ మధ్యలో ఎవరు ఏది ముట్టుకున్నారు అన్నదంతా ఒడ్డు దగ్గరలోనే తిరుగుతూ ఆరు రోజుల పాటు రాశాను. పదిహేనేళ్లు ఇంటి పద్దు రాసిన చెయ్యి నాది, ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు. ఏడో రోజు ఆ పుటలు ముందు పెట్టుకొని చూస్తే ఒక విచిత్రం బయటపడింది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఎనిమిది నిమిషాలకు ఆగింది. సగం ఉన్న రోజు 21 నిమిషాలు నడిచింది. పెట్రోలు తక్కువగా ఉన్నకొద్దీ ఎక్కువసేపు నడుస్తోంది. చెడిపోయిన పెట్రోలు అయినా, అరిగిన పంపు అయినా ఇలా ప్రవర్తించవు. ఇంకొకటి, ఎవరైనా మూత తీసి లోపలికి చూసిన ప్రతిసారీ వెంటనే అందుకున్నది. మూత తీయనప్పుడు పావుగంట పట్టింది.

ఆ పుస్తకం పట్టుకొని గట్టు మీద కూర్చున్నప్పుడు, మమ్మల్ని లాగిన పెద్దాయన వల బాగుచేసుకుంటూ ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన వల వైపే చూస్తూ, "అమ్మా, మా తెప్ప ఇంజనుకి టాంకీ మూతకు సన్న బెజ్జం ఉంటాది. అది పూడిపోతే చమురు దిగదు, ఇంజను చచ్చిపోద్ది. నీ దానికి బెజ్జం ఎక్కడుందో సూసుకున్నావా?" అన్నాడు.

వంటింట్లో నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె గుటకలు వేస్తూ ఆగిపోతుందని, గాలి పోవడానికి రెండో చిల్లు పెట్టాలని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ట్యాంకులోంచి ఎంత పెట్రోలు బయటకు పోతే అంత గాలి లోపలికి రావాలి. నిండు ట్యాంకులో గాలికి చోటే తక్కువ కనుక, కొంచెం పెట్రోలు తీయగానే లోపల గాలి పలచబడి పంపు లాగలేకపోతుంది. సగం ట్యాంకులో ఉన్న గాలి మరికొంతసేపు ఆదుకుంటుంది. నా పుస్తకంలో ఉన్నది అక్షరాలా అదే.

ఆ సాయంత్రమే మావారిని వెంటబెట్టుకొని, నిండు ట్యాంకుతో ఒడ్డు పక్కనే నడిపాను. ఎనిమిదిన్నర నిమిషాలకు ఆగింది. మూత కొద్దిగా తిప్పగానే "ఉస్" మని గాలి లోపలికి దూసుకుపోయిన శబ్దం ఇద్దరమూ విన్నాము. మీట నొక్కగానే అందుకున్నది. మావారు నా వైపు చూసి, "నువ్వే కరెక్టు" అన్నారు.

బోటు పక్కన, పై అంచు కింద, బొటనవేలంత బెజ్జం ఉంది. ట్యాంకుకు గాలి పోయే గొట్టం అక్కడ ముగుస్తుంది. దాని నోటికి ఉండవలసిన జాలీ ఊడిపోయి ఉంది. ముందు గొట్టాన్ని ట్యాంకు వైపు విప్పి (అలా విప్పకుండా గాలి కొడితే చెత్తంతా ట్యాంకులో పడుతుంది), సన్నని తీగతో పొడిస్తే వేలెడు పొడవున ఎండిన మట్టి రాలింది. కందిరీగ కట్టిన గూడు అది. పాత యజమాని షెడ్డులో బోటు కదలకుండా ఉన్న నెలల్లో అది తాపీగా ఇల్లు కట్టుకొని ఉంటుంది. మూత వదులుగా ఉంచి నడుపుకుంటే సరిపోదా అని మరిది అడిగాడు. పరీక్ష కోసం ఒక్క నిమిషం తిప్పడం వేరు. అలాగే నడిపితే నీటి తుంపర ట్యాంకులోకి పోతుంది, పెట్రోలు ఆవిరి బోటు చుట్టూ పరుచుకుంటుంది, కనుక ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయకూడదు.

రాణీగంజ్‌లో రెండు దుకాణాలు తిరిగితే కొత్త గొట్టం, స్టీలు క్లిప్పులు దొరికాయి. జాలీ ఉన్న వెంట్ మాత్రం ఆర్డరు పెట్టి పది రోజులు ఎదురుచూశాము. అన్నీ కలిపి 1,900 రూపాయలు. నిన్న దాన్ని బిగించిన తరువాతే ఆ 50 నిమిషాల పరుగు.

ఈ రోజు ఉదయం నోటు పుస్తకంలోని ఆరు రోజుల పుటలను, మట్టిగూడు ఫోటోను వర్క్‌షాపు యజమానికి పంపి, బాగానే ఉన్న మా పాత పెట్రోలు పంపును తిరిగి ఇవ్వమని, అనవసరంగా వేసిన కొత్త పంపు డబ్బు వాపసు చేయమని రాశాను. మధ్యాహ్నం మావారికి ఫోను చేశాడు. ఆయన "ఆవిడతో మాట్లాడండి" అని ఫోను నాకు ఇచ్చారు. పాత పంపు శనివారం ఇస్తానన్నాడు. డబ్బు సంగతి ఇంకా తేలలేదు.